ముడుల లెక్క

నాకు మనుషుల మాట కన్నా అంకె మీద నమ్మకం ఎక్కువ. ఇంటర్ తప్పి, విజయవాడలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో సరుకు రాసే పనికి కుదిరినప్పటి నుంచీ అదే అలవాటు. సగటు అంటే ఏమిటో, శాంపిల్ ఎలా తియ్యాలో నాకు ఏ మేష్టారూ చెప్పలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని, మధ్యాహ్నం బేరాలు లేని వేళ బిల్లు కాగితాల వెనక లెక్కలు వేసుకుని నేర్చుకున్నాను. కొన్నాళ్లకు సర్వేలు చేసేవాళ్లు ఫారాలు నింపడానికి నన్ను పిలవడం మొదలుపెట్టారు. నా ఫారంలో కొట్టివేతలు ఉండవని పేరొచ్చింది. ఏ ఇంటి ఫారమైనా ఆ ఇంటి గడప తొక్కకుండా నింపలేదు. ఇది గొప్పకు రాయడం లేదు. ఇంత జాగ్రత్తగా ఉండేవాణ్ణి ఎక్కడ తప్పానో చెప్పాలి కనుక రాస్తున్నాను.

రెండేళ్ల కిందట యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒక మేడం నన్ను వెతుక్కుంటూ కొట్టుకు వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. నేతపనివాళ్లు వారంలో నిజంగా ఎన్ని రోజులు మగ్గం మీద కూర్చుంటున్నారో ఆమెకు కావాలి. ఆఫీసు కాగితాల్లో ఉన్న లెక్క వద్దు, ఇళ్లకు వెళ్లి తెచ్చిన లెక్క కావాలి. ఆమె ఎంచుకున్నది మచిలీపట్నం వైపున్న మా ఊరే. నేను నేతవాళ్ల ఇంట్లో పుట్టానని ఎవరో చెప్పారట.

ముందు కొన్ని ఇళ్లలో ఊరికే అడిగి చూశాను. "పోయిన వారం ఎన్ని రోజులు నేశారండీ?" అంటే ఒకాయన "నేస్తానే ఉన్నాం కదండీ" అన్నాడు. ఇంకొకాయన "ఏడు రోజులూనండీ" అంటుంటే, తలుపు పక్కన నిలబడ్డ ఆయన భార్య మొహం తిప్పుకుని నవ్వింది. నోటుపుస్తకాలు ఇచ్చి రోజూ గీత గియ్యమంటే, రెండో వారానికి పెన్సిళ్లు పిల్లల బడిసంచుల్లోకి వెళ్లిపోయాయి.

అప్పుడు నాకు తాడు తట్టింది. పోగు తెగినప్పుడల్లా నేతవాడు చూడకుండానే ముడి వేస్తాడు. ఆ చేతికి పెన్సిలు కన్నా ముడే తేలిక. పడుగు చివర మిగిలే దారాలు పేని మూరెడు మూరెడు తాళ్లు చేశాను. మగ్గం గుంజకు వారానికొకటి కడతాను. రోజంతా నేస్తే గట్టి ముడి, ఒక పూటే నేస్తే అరరోజు లెక్కన జారుముడి, నెయ్యకపోతే ఏమీ లేదు. శనివారం వచ్చి పాత తాడు విప్పుకుని కొత్తది కట్టి పోతాను. మేడం ఎంతో సంతోషపడింది. "దీన్ని థీసిస్‌లో మెథడ్ కింద రాస్తాను సార్," అంది. అంత చదువుకున్నవాళ్లు నన్ను సార్ అనడం అదే మొదలు.

ప్రతి ఐదో ఇల్లు చొప్పున తీస్తే నలభై ఇళ్లు వచ్చాయి. వాటిలో ఆరోది మా అన్నయ్యది.

"సొంతవాళ్లయితే పక్కింటికి మార్చుకోవచ్చు సార్," అంది మేడం.

"అక్కర్లేదమ్మా," అన్నాను.

అక్కర్లేదన్నది లెక్క కోసం కాదు. అంతకు ముందు ఏడాది అన్నయ్యకు ఆయాసం వస్తే విజయవాడ తీసుకొచ్చి డాక్టరుకు చూపించాను. గుండె బలహీనంగా ఉందన్నారు. మాత్రలు రాసిచ్చి, కాళ్లు వాచినా ఆయాసం పెరిగినా వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ తర్వాత ఫోన్లో ఎప్పుడు అడిగినా "బానే ఉన్నాన్రా" అనేవాడు. ఆ మాట ఎంతవరకు నిజమో కొలవడానికి నా దగ్గర ఏ సాధనమూ లేదు. ఇప్పుడు తాడు దొరికింది. మనిషి మొహమాటానికి ఏదో ఒకటి అంటాడు గాని తాడుకు మొహమాటం ఉండదనుకున్నాను. వారానికి నాలుగు రోజులకు తగ్గితే ఇక అడగడం మానేసి ఆసుపత్రికి ఎక్కించుకుపోవాలని నాలో నేను ఒక గీత గీసుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొదటి శనివారం పదిన్నరకు వాళ్లింటికి వెళ్లాను. మావి గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి తొక్కాలి. నడుం పైభాగమే బయటికి కనిపిస్తుంది. అన్నయ్య గుంటలో కూర్చుని, అడ్డపోగు నడిపే నాడె విసురుతున్నాడు. నేను ఫారం తీసి, అందరినీ అడిగినట్టే అడిగాను.

"మీ ఇంట్లో మగ్గాలు ఎన్నండీ?"

"నాలుగండీ. మూడు తమరే ఎత్తుకుపోయారు."

"అన్నయ్యా, ఫారం ఇది."

"సర్లేరా, ఒకటి రాస్కో. నేసే మనిషని నా పేరేగా రాశావు? మీ వదిన పేరు రాసేవు సుమా. నూలు కండెలు చుట్టిచ్చేదానికే నా మీద ఇంత పెత్తనం చేస్తంది."

వదిన తాడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మూడు ముళ్లకే బతుకు ఇట్టా అయింది. ఇప్పుడు వారానికి ఏడు ముళ్లా ఏవయ్యా!" అంది. ముగ్గురం నవ్వాం.

వెళ్లేముందు, అన్ని ఇళ్లలో చెప్పినట్టే అక్కడా చెప్పాను. వరసగా రెండు వారాలు మగ్గం ఆగితే ఆ ఇంటిని లెక్కలోంచి తీసేస్తారు. ఇది పదహారు వారాల పని. మధ్యలో ఇళ్లు పోతే మేడం శ్రమంతా పాడవుతుంది. ముడి వెయ్యడం మరిచిపోకూడదని అలా చెప్పేవాణ్ణి.

అన్నయ్య నాడె ఆపి నా మొహంలోకి చూశాడు. "అయితే నీ లెక్కా పాడైద్దిగా?"

"పాడవుతుంది."

"విన్నావటే? మన ఇల్లు పోకూడదు," అన్నాడు వదినతో.

అన్నయ్యది ఎడంచేతి వాటం. చిన్నప్పుడు నా లాగు బొందు అన్నయ్యే కట్టేవాడు. సాయంత్రం అది విప్పలేక అమ్మ "ఎడంచేతోడి ముడి, దారి తిరగబడి ఉంటది" అని విసుక్కునేది. ఇది నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన విషయం.

మేడం నాకు రెండు నియమాలు పెట్టింది. ఫారంలో ఉన్నవే అడగాలి. అదనంగా ఏది అడిగినా వాళ్లు మన కోసం జవాబు మార్చేస్తారు. రెండోది, ప్రతి ఇంటికీ ఎప్పుడూ ఒకే వేళకు వెళ్లాలి. రెండూ నాకు నచ్చాయి. అన్నయ్య ఇంట్లో కూడా పరాయివాడిలా ఉండటం ఒక నిజాయితీ అనుకున్నాను. తాడు విప్పి, రెండుసార్లు లెక్కపెట్టి, ఫోన్లో అంకె వేసి, ఇంటి నంబరు, వారం నంబరు రాసిన ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఏడో ఇంటికి పోయేవాణ్ణి.

మొదటి వారం ఐదు. రెండో వారం నాలుగున్నర. తర్వాత ఐదు, మళ్లీ నాలుగున్నర. ఐదో వారం నాలుగు.

నేను గీసుకున్న గీత నాలుగుకు తగ్గితే అని. నాలుగు నాలుగుకు తక్కువ కాదు. తిరుగు బస్సులో పామర్రు నుంచి ఉయ్యూరు దాకా ఇదే ఆలోచించాను. ఒక్క వారం చూద్దామనుకున్నాను. ఒకవేళ తగ్గితే అని కొట్లో రెండు రోజులు సెలవు కూడా అడిగి పెట్టుకున్నాను.

ఆరో వారం తాడు మీద ఏడు ముడులున్నాయి. రెండు జారుముడులు, ఐదు గట్టివి. మొత్తం ఆరు.

నాకు కళ్లు చెమర్చాయి. మాత్రలు పనిచేస్తున్నాయనుకున్నాను. సెలవు అక్కర్లేదని షావుకారుకు చెప్పేశాను. ఏడో వారం ఆరున్నర, ఎనిమిదో వారం ఏడు. అన్నయ్య ఎప్పుడు వెళ్లినా గుంటలోనే ఉండేవాడు. ఇదివరకు సెంటరు దాకా వచ్చి బస్సెక్కించేవాడు. ఇప్పుడు లేవకుండానే "పోరా, బస్సు పోద్ది" అనేవాడు. పని బాగా ఉందనుకున్నాను. ఒక శనివారం మంచం పక్కన కండెలు చుట్టే రాట్నం కనిపించింది. అది ఎప్పుడూ వంటగది గుమ్మం దగ్గర వదిన కూర్చునే చోట ఉంటుంది. చూశాను, అంతే. రాట్నం ఎక్కడుందో ఫారంలో లేదు.

పన్నెండో వారం, శుక్రవారం పొద్దున కొట్టు తెరుస్తుండగా వదిన ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి అన్నయ్యను వాకిట్లో పడుకోబెట్టారు. కప్పిన గుడ్డ కింద నుంచి పాదాలు బయటికి ఉన్నాయి. పన్నెండు వారాలుగా వస్తూ పోతూ నేను అన్నయ్య పాదాలు చూడలేదు. అవి అన్నయ్య పాదాలు కావన్నంతగా వాచి ఉన్నాయి.

పెద్దకర్మ అయ్యాక విజయవాడ తిరిగి వచ్చాను. ఏం చెయ్యాలో తెలియక, ఫోన్లో వేసిన అంకెల్ని తాళ్లతో సరిచూసుకోవడం మొదలుపెట్టాను. చేతులకు పని కావాలి, అంతే. ఆరో ఇంటి కవర్లు పదకొండూ వరసగా పరిచాను.

మొదటి ఐదు తాళ్ల మీదా ముడులన్నీ ఒకే వైపు ఒరిగి ఉన్నాయి. ఆరో తాడులో మొదటి రెండు, ఆ జారుముడులు, అలాగే ఉన్నాయి. మూడో ముడి ఎదురు వైపుకు ఒరిగింది. అక్కణ్ణుంచి పదకొండో తాడు చివరి దాకా అన్నీ అటే. నమ్మలేక ఒక దారం తీసుకుని నా కుడిచేత్తో ముడి వేసి పక్కన పెట్టి చూశాను. మూడో ముడిలాగే ఉంది.

ప్రతి తాడునూ రెండేసిసార్లు లెక్కపెట్టాను. ఎన్ని ఉన్నాయో చూశాను గాని ఎలా ఉన్నాయో చూడలేదు. ఆరో వారం అన్నయ్య నేసింది ఆరు రోజులు కాదు. రెండు పూటలు కలిపి ఒకటి. నా గీతకు ఎంతో కింద.

మర్నాడు మొదటి బస్సుకు వెళ్లాను. వదిన గుమ్మంలో కూర్చుని ఉంది. నేను నిలబడే అడిగాను.

"ఆరో తాడు కట్టిన మూడో రోజు నుంచి నువ్వే నేశావు కదూ వదినా?"

ఆమె ఆశ్చర్యపోలేదు. "సోమవారం అది. పాదాలు తొక్కుడుచెక్క మీద ఆనలేదు. పైకి లాగి మంచమ్మీద కూర్చోబెట్టి నేను దిగా. కండెలు ఆయన చుట్టారు."

"మరి శనివారాలు?"

"నువ్వు పదిన్నరకేగా వచ్చేది. పదింటికే నేనూ పక్కింటావిడా రెక్కలు పట్టి దించేవాళ్లం. నువ్వు సందు తిరిగాక ఎక్కించేవాళ్లం."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెప్తానంటే ఒట్టేయించుకున్నారయ్యా. 'ఆసుపత్రిలో పడితే నువ్వూ నాతో ఉండాలి, మగ్గం ఆగిద్ది. ఇన్నాళ్లకి పెద్ద చదువులోళ్లు వాడిని నమ్మి పని అప్పజెప్పారు. సొంత అన్న ఇంట్లోనే లెక్క పోయిందంటే వాడికి ఎంత తలొంపులు! పదహారు వారాలేగా, అయినాక మనమే పోదాం బెజవాడ' అన్నారు." తర్వాత నెమ్మదిగానే అంది: "నేను చెప్పలేదు, సరే. నువ్వు అడిగావా? ఒక్క శనివారం నన్ను పెరట్లోకి పిలిచి, ఎట్టా ఉన్నాడు వదినా అని అడిగావా?"

అడగలేదు.

మగ్గం గుంజకు పన్నెండో తాడు అలాగే ఉంది. దగ్గరికి వెళ్లి, ఈసారి లెక్కపెట్టకముందు చూశాను. ఆరు ముడులు. ఐదు వదినవి. ఆరోది ఎడంచేతిది, గట్టి ముడి.

"గురువారం నేను మగ్గం జోలికి పోలేదు," అంది వదిన వెనకనుంచి. "పొద్దుటి నుంచీ ఊపిరి ఆడక అవస్థ పడతంటే పక్కనే కూర్చున్నా. ఆసుపత్రికి పోదామంటే శనివారం నువ్వొస్తావుగా, నీతోనే పోదామన్నారు. సాయంత్రం తాడు విప్పుకు రమ్మని తనే వేశారు. ఆ ముడి బిగించడానికి ఎంతసేపు పట్టిందో. మళ్లీ నేనే కట్టా గుంజకి."

నేను తాడు విప్పుకుని జేబులో పెట్టుకున్నాను.

ఆ వారంలోనే మేడం కొట్టుకు వచ్చింది. జరిగింది వరసగా చెప్పాను. "ఆ ఇల్లు తీసేద్దాం సార్. మీరు బాధపడకండి," అంది.

"తీసెయ్యొద్దమ్మా. మగ్గం ఆడిన మాట నిజమే. నేసిన మనిషి పేరు మార్చండి. ఆరో వారం సోమవారం నుంచి మా వదిన పేరు."

కంప్యూటర్లో పేరు రాసే గడి మొదటి వారమే మూసుకుపోయిందట. దాన్ని తెరిపించడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత మిగిలిన ముప్ఫైతొమ్మిది ఇళ్లకూ నేను మళ్లీ వెళ్లాను. ఈసారి చెప్పిన వేళకు వెళ్లలేదు. ఎన్ని రోజులని కాకుండా ఎవరు నేశారని అడిగాను. కొన్ని ఇళ్లలో మగవాళ్లు గుంటలోంచి పక్కనున్న ఇల్లాలి వైపు చూశారు. అలాంటి చోట ఫారం మూసి, మీ ఒంట్లో ఎలా ఉందండీ అని అడిగాను. అది ఫారంలో ఇప్పటికీ లేదు.

ఆరో ఇంటి లెక్క పన్నెండో వారంతోనే ఆగింది. చివర్లో ఆ గడి మిగిలింది. శనివారం నుంచి బుధవారం దాకా ఐదు రోజులు వదిన పేరున వేశాను. గురువారం మగ్గం ఆడలేదు. సున్న వేశాను.

పదహారు వారాలూ అయ్యాక, థీసిస్‌లో ఫొటోలు పెట్టాలని మేడం తాళ్లు అడిగింది. నలభై ఇళ్ల కవర్లూ మూట కట్టి ఇచ్చాను. ఆమె బల్ల మీద పరిచి లెక్క చూసుకుంది.

"ఆరో ఇంటివి పదకొండే ఉన్నాయి సార్. పన్నెండోది?"

"ఆ వారం పూర్తి కాలేదమ్మా," అన్నాను.