సాసరులో చల్లారిన చాయ్

టీవీ సీరియళ్ళలో నాకు ఎప్పుడూ డాక్టరు వేషమే ఇచ్చేవారు. ఆపరేషన్ గది తలుపు తోసుకుని బయటికి వచ్చి, కళ్ళజోడు తీసి, "మేం చేయాల్సిందంతా చేశాం" అని తల దించుకునే డాక్టరు. ఆ తర్వాత ఏడ్చేది వేరేవాళ్ళు. కెమెరా వాళ్ళ మీదికి వెళ్ళిపోయేది. నేను తెల్లకోటు విప్పి ఇచ్చేసి, లోకల్ రైలెక్కి ఫలక్‌నుమాలో దిగేవాణ్ణి. స్టేషన్ బయట చాయ్ హోటల్లో గల్లా దగ్గర కూర్చునే ముసలాయన నన్ను చూడగానే, "ఆయియే డాక్టర్ సాబ్, ఆజ్ కిత్నే మారే?" అనేవాడు. ఇవాళ ఎంతమందిని చంపావని. పక్కబల్ల వాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

పగలు కరెంటాఫీసులో గుమాస్తాను. సెలవు దొరికితే సీరియళ్ళు, సాయంత్రాలు నాటకాలు. చాలా ఏళ్ళుగా ఇదే బతుకు. ఇప్పుడు అలసటగా ఉంది. ఎవరితో ఏం మాట్లాడుతున్నా నా మనసులో సగం పక్కకు జరిగి నిలబడి, వాళ్ళ చేతులెట్లా కదులుతున్నాయో, గొంతు ఎక్కడ తెగుతోందో చూస్తూ ఉంటుంది. ఆ చూడటం వల్లే ఈ అలసట.

నాకు సంభాషణలు కంఠస్థం అయ్యేది నా భార్య వల్ల. ఆదివారం మాదన్నపేట మార్కెట్ నుంచి తెచ్చిన గోంగూర, మా మాటలో పుంటికూర, ముందేసుకుని, నాటకం కాగితాలను పప్పుడబ్బాకు ఆనించి, ఆకులు తుంచుతూ ఎదుటి పాత్రల మాటలు అందించేది. ఇన్‌స్పెక్టరైనా, అత్తగారైనా, దొంగైనా ఆమె నోట ఒక్కటే గొంతు. మధ్యలో ఆగి, "గిది ఎవడు రాసిండు? ఇంట్ల మనుషులు గిట్ల మాట్లాడుతరా?" అనేది. ఆమె అడ్డం చెప్పిన చోటల్లా ఆ వాక్యం నిజంగానే బాగుండేది కాదు.

పోయిన వానాకాలం మా అత్త మా ఇంట్లోనే చనిపోయింది. చివరి రోజుల్లో ఆమె కప్పు పట్టుకోలేకపోయేది. నా భార్య చాయ్ సాసరులో పోసి, ఊది, చల్లార్చి, పెదవుల దగ్గర పెట్టేది. ఆ పొద్దున కూడా అట్లాగే ఊదుతోంది. ఈలోపే ప్రాణం పోయింది. గల్లీ చివరి నిజం డాక్టరు వచ్చి, నాడి చూసి, నా సీరియల్ డాక్టరులా కాక, ఒక్క మాట కూడా చెప్పకుండా తల ఊపి వెళ్ళిపోయాడు. నా భార్య మంచం మీద నుంచి లేవలేదు. సాసరు ఊదుతూనే ఉంది. చాయ్ ఎప్పుడో చల్లారి మీగడ కట్టింది. తల్లి పెదవుల దాకా తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తెచ్చి, మళ్ళీ ఊదింది.

నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ క్షణంలో నా మనసులో మెదిలిన మాట రాయడానికి సిగ్గుగా ఉంది. 'ఇది బాగుంది' అనుకున్నాను. పక్కింటావిడే ముందుకు వచ్చి, "ఇయ్యి బిడ్డా, ఇగ చాలు" అంటూ సాసరు తీసుకుంది.

కొన్ని నెలలకు ఒక నాటకంలో మంచి వేషం దొరికింది. భార్య చనిపోయిన ముసలాయన. రిహార్సల్లో డైరెక్టరు విసుక్కునేవాడు. "ఏడవకు అన్నా. నువ్వు ఏడిస్తే చూసెటోళ్ళు ఏడవరు. ఇంకేమన్న చెయ్." నా దగ్గర ఇంకేమీ లేదు. ఒకరోజు కప్పూ సాసరూ తెప్పించమన్నాను. ఊది చూపించాను. డైరెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చాడు. "గీ ఆలోచన ఎట్లొచ్చిందన్నా?" అని అడిగాడు. "గట్ల తట్టింది" అన్నాను.

కాగితాల్లో మాటలు మాత్రమే ఉంటాయి కాబట్టి, ఇంట్లో పాఠం అందించిన నా భార్యకు ఈ సంగతి తెలియదు. నయాపూల్ అవతల చిన్న హాల్లో మొదటి ప్రదర్శనకు వచ్చి ముందు వరుసలో కూర్చుంది. నేను సాసరు ఊదగానే హాల్లో ముక్కు చీదిన చప్పుళ్ళు, తెర పడగానే చప్పట్లు. ఆటోలో ఇంటికొచ్చాక ఆమె చెప్పులు విడుస్తూ అంది.

"అది మా అమ్మకు చల్లార్చిన చాయ్. నువ్వు తీస్కపోయి గాళ్ళకు తాపినవ్."

"అట్ల కాదు, అత్త యాదిల..." అని మొదలుపెట్టాను. నా గొంతు వణికింది. ఎక్కడ వణకాలో అక్కడే వణికింది.

"డైలాగు కొట్టకు. ఆ దినం నువ్వు ఆడనే ఉన్నవ్. నా చేతులకెల్లి సాసరు నువ్వెందుకు తీయలే?"

ఆ రోజు నుంచి ఆమె నాకు మాట అందించడం మానేసింది. ఎదుటి పాత్రల మాటలు నేనే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నాను. నా గొంతు అడిగేది, నా గొంతే జవాబు చెప్పేది. ఇల్లంతా నేనే.

రెండో ప్రదర్శనకు ముందు డైరెక్టరు హుషారుగా ఉన్నాడు. "సాసరు సీను జర పెంచన్నా, జనం గదే మాట్లాడుతున్నరు." సరేనన్నాను. ఆమె రాలేదు. తెర లేచింది, ఆ ఘట్టం వచ్చింది, నా చేయి కప్పు దాకా వెళ్ళింది. 'నువ్వెందుకు తీయలే' అన్న మాట గుర్తొచ్చింది. చేయి వెనక్కి తీసుకున్నాను. మరేం చేయాలో తెలియక ఊరికే కూర్చున్నాను. ఎవరో దగ్గారు. కుర్చీ కిర్రుమంది. మంచం మీద శవంగా పడుకున్న నటి ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది. చివరికి తెర ముందుగానే దించేశారు.

"ఏమైందన్నా, మర్చిపోయినవా?" అంటూ డైరెక్టరు వచ్చాడు.

"మర్చిపోలే భాయ్. అది నాకు తట్టింది కాదు. నా భార్యది. ఆమెను అడగకుండ తెచ్చిన."

డైరెక్టరు చేతిలోని కాగితాలు బల్ల మీద పడేశాడు. "గీ ముచ్చట తెర లేసినంక యాదికొచ్చిందా? మొదలే చెప్తే ఇంకోటి అనుకుంటుంటిమి గద!" అంటూ మేకప్ గదిలోకి వెళ్ళిపోయాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. నా తప్పుకు ఆయన నాటకం చెడింది.

మర్నాడు పొద్దున నా భార్య పేపరు పరిచి పుంటికూర తుంచుతోంది. నేను పక్క గదిలో ఫోన్ పెట్టుకుని కొత్త సీరియల్ పాఠం మొదలుపెట్టాను. మళ్ళీ డాక్టరే. లోపలి నుంచి కేక వేసింది.

"ఆ ఫోన్ల నీ గొంతు ఇనలేక సస్తున్న. బందు చెయ్."

ఆపేసి, వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని ఒక కట్ట విప్పాను.

"నిన్న ఎట్లయింది?"

"పాడైంది."

"సాసరు?"

"ముట్టుకోలే."

"మరేం చేసినవ్?"

"ఊకె కూసున్న."

"గంతసేపా? జనం లొల్లి చేయలేదా?"

"సచ్చిపోయినామె సుత కన్ను తెరిచి చూసింది."

ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. వెంటనే తల వంచుకుంది. దాన్ని క్షమించినట్టుగా నేను లెక్కేసుకోవడం లేదు. కాగితాలు పప్పుడబ్బా పక్కనే ఉన్నాయి, ఆమె వాటి వైపు చూడలేదు, నేనూ ఇవ్వలేదు. ఆమె ముఖంలో ఇంకేం కదులుతోందో చూడాలనిపించింది. చూడకుండా ఆకుల మీదే కళ్ళు పెట్టుకున్నాను.

"ముదురువి కలుపుతున్నవ్, తీసెయ్" అంది.

ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాను.