రొయ్యల గుంటతో చెప్పబోయి

నవ్వకుండా వినండే. మొన్న ఆదివారం విడవలూరు పోయినా, మా పెద్దమ్మకి ధైర్యం చెప్పొద్దామని. చెప్పినా కూడా. కానీ మధ్యలో మా వాళ్ళింట్లో ఒక దొంగతనం కేసు బయటపడింది. అదీ నా నోటి పుణ్యమే!

సంగతేందంటే, పెద్దమ్మకి రొమ్ములో గడ్డ. కేన్సరే. ఆపరేషన్‌కి సరే అనింది గానీ, చంకలో బిళ్ళలు, అదే లింఫ్ నోడ్లు, కూడా తీయాలని డాక్టర్ చెప్పేసరికి మొండికేసింది. గడ్డ ఒకచోటుంటే చంక కొయ్యడమేంది అని. డేటు దగ్గరపడతా ఉంది. పెదనాన్నకి నిద్రల్లేవు. నేను చెన్నైలో సరిగ్గా కేన్సర్ ఆ బిళ్ళల్లోకి ఎట్టా పోతాదనే దాని మీదే పీహెచ్‌డీ చేస్తున్నానాయె, నువ్వొచ్చి చెప్పమ్మే అని పిలిపించినాడు.

సైటోకైన్లూ, కణాలు పంపే సిగ్నళ్ళూ అంటే ఆమెకేం తెలుస్తాది? మాకు రొయ్యల గుంట ఉంది కదా, దాన్నే పట్టుకున్నా.

"పెద్దమ్మా, బిళ్ళంటే గుంట కాడ కాపలా షెడ్డు అనుకో. కేన్సర్ సరాసరి రాదు. ముందు సిగ్నల్ పంపిస్తాది. కాపలావాళ్ళని మంచి చేసుకుంటాది. దొంగ వచ్చేలోపలే షెడ్డంతా దొంగకి అనుకూలంగా మారిపోయి ఉంటాది. కాపలావాళ్ళే గేటు తీసి, చాప కూడా పరుస్తారు."

ఊపులో చెప్పుకుంటా పోతున్నా. వెనకాల మెట్ల మీద కూర్చోని మా గుంట కాపలా కోటయ్య టీ తాగతా ఉన్న సంగతి చూసుకోలా. గ్లాసు కింద పెట్టేసినాడు.

"అన్నా, నా తప్పేం లేదు. వదిన అడిగితేనే ఇచ్చినా," అన్నాడు పక్కనే ఉన్న పెదనాన్నతో.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. మా పెదనాన్న రొయ్యలు పట్టే రోజు దాకా ఒక్కటి కూడా ముట్టనివ్వడు. అందుకని పెద్దమ్మ పొద్దున్నే వేడివేడి మసాలా వడలు పంపేదంట, కోటయ్య లావు రొయ్యలు ఏరి ఇచ్చేవాడంట. దిగుబడి తగ్గిందని ఈయనేమో ఇన్నాళ్ళూ మేత అమ్మినవాణ్ణి తిడతా ఉన్నాడు పాపం.

పెద్దమ్మ మాత్రం ఆయన వంక చూడను కూడా చూళ్ళేదు. నా చెయ్యి పట్టుకుని కాసేపు ఆలోచించింది.

"రెండు వడలకే మన కోటయ్య ఇట్టా అయిపోతే, ఇంక నా చంకలో వాళ్ళని ఏం నమ్మేది? తీసెయ్యమను."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి. పెదనాన్న కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఇంతకీ ఆ రొయ్యలన్నీ ఎక్కడికి పోయినాయి అని అడిగినాడు.

పెద్దమ్మ నా వంక చూసింది. కోటయ్య కూడా.

హాస్టల్లో రొయ్యల పచ్చడి సీసా ఖాళీ అయినప్పుడల్లా "పెద్దమ్మా, అయిపోయింది" అని ఫోన్ కొట్టేది నేనే కదా. ఆ మొదటి సిగ్నల్ ఎక్కడినించి వస్తాదా అని ఇన్నేళ్ళుగా ల్యాబ్‌లో వెతుకుతా ఉన్నానే!