నాలుగో సువార్త

పెళ్లయిన నాటినుంచీ మా నాయనమ్మ తాత పేరు పలికి ఎరగదు. ఆయన పేరు యోహాను. భట్టిప్రోలులో మాది లూథరన్ కుటుంబమే అయినా, మొగుడి పేరు నోట అనకూడదన్న పట్టింపు ఆవిడకు గట్టిగా ఉండేది. పైగా చర్చిలో ఆడవాళ్ల కూటానికి బైబిలు చదివేది ఆవిడే! యోహాను సువార్త వచ్చిందంటే "నాలుగో సువార్త, మూడో అధ్యాయం" అని గడుసుగా దాటేసేది. మేం పిల్లలం ఊరుకుంటామా?

"నాయనమ్మా, సువార్తలు వరసగా చెప్పవే!"

"మత్తయి, మార్కు, లూకా, మీ తాత. పోండెహె!"

ఎనభైల చివర్లో బాబాయికి కొడుకు పుట్టాడు. తాత పేరే పెడతారనుకున్నాం. తెనాలిలో గుమాస్తాగా చేసే బాబాయి అడ్డం తిరిగాడు.

"యోహాను అంటే కాన్వెంట్లో ఏడిపిస్తారు నాన్నా. జాన్ అని పెడతాం. రెండూ ఒకటేగా!"

ఒకటే కావచ్చు. స్కాట్లాండు పాత భాషలో ఆ పేరునే ఇయాన్ అంటారని మా ఇంగ్లీషు సారు కూడా చెప్పారు. కానీ తాతను పొలంలోగానీ రేపల్లె బస్సులోగానీ ఎవరూ జాన్ అని పిలవలేదే! ఆయన "మీ ఇష్టంరా" అని కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆ పూట అన్నానికి రాలేదు. నాయనమ్మ ఆయన కంచం మీద మూతపెట్టి అక్కడే నిలబడిపోయింది. బాబాయి మీద నాకు ఒళ్లు మండింది.

బాప్తిస్మానికి బిడ్డను నాయనమ్మే ఎత్తుకుంది. మా చర్చిలో ఎత్తుకున్నవాళ్లే పేరు చెప్పాలి, పాస్టరు అయ్యగారు ఆ పేరుతోనే బిడ్డ తలమీద నీళ్లు పోస్తారు. "జాన్ అమ్మా, జాన్" అని బాబాయి చెవిలో ఊదుతూనే ఉన్నాడు. ఆవిడకు అదే సులువు కూడా, మొగుడి పేరు పలికే బాధ ఉండదు.

"బిడ్డ పేరేంటమ్మా?" అన్నారు అయ్యగారు.

నాయనమ్మ కొంగు తలమీదికి లాక్కుని, మగవాళ్ల వైపు కూర్చున్న తాతను ఒక్కసారి చూసింది.

"యోహానండీ!"

చర్చంతా వినపడింది. అమ్మో, ఎంత గుండె మా నాయనమ్మది! బాబాయి నోరు తెరిచేలోపే నీళ్లు పడిపోయాయి. తాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ తర్వాత కూడా కూటంలో అది నాలుగో సువార్తే. మనవడు సెలవులకొస్తే మాత్రం వాకిట్లో నిలబడి "యోహానూ!" అని కేకేసేది. పడక్కుర్చీలోంచి తాత "ఆఁ" అనేవాడు.

"మిమ్మల్ని కాదండీ బాబూ!" అని కసురుకుని, మళ్లీ అలాగే పిలిచేది.