రెండు మిల్లీగ్రాముల్లో సగం

మా అక్క గుండె సరిగా కొట్టుకోవడం లేదని మాకు ఆదోనిలో తెలిసింది. అప్పటికి రెండు నెలలుగా ఆమె చెబుతూనే ఉంది. ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు వసారాలో కూర్చుని, వీధిలో మగ్గాలవాళ్ళకు నూలు కండెలు చుట్టడం ఆమె పని. రాట్నం తిప్పుతూ మధ్యలో ఆపి, ఎద మీద చెయ్యి పెట్టుకునేది.

"ఈడ కోడిపిల్లను పట్టుకున్నట్లుంది మే. ఒకటే కొట్టుకుంటాంది."

"దినానికి ఆరుసార్లు టీ తాగితే కోడిపిల్ల గాదు, కోడే దూరుతాది" అన్నాను నేను.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నా భర్త చనిపోయాడు. ఆమె భర్త పెళ్ళయిన రెండో ఏడే ఎటో వెళ్ళిపోయాడు. ఇద్దరం ఒకరి మాట ఒకరం నవ్వులాటకు తీసుకోవడం అలవాటైపోయింది. అందుకని, ఆమె ఒకరోజు బిందె ఎత్తబోయి కళ్ళు తిరిగి కూలబడేదాకా నేను ఆ కోడిపిల్లను పట్టించుకోలేదు.

ఆదోని డాక్టరు పరీక్షలన్నీ చేసి, చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో జ్వరం వచ్చిందా అని అడిగారు.

"వచ్చింది సార్. మూడు నెల్లు మంచం మింద ఉంటి. మా నాయన సంకనేసుకొని తిప్పినాడు" అంది అక్క. చాలా సంతోషంగా చెప్పింది.

ఆ జ్వరమే లోపల గుండె కవాటాన్ని బిగుసుకుపోయేట్టు చేసిందని ఆయన చెప్పారు. ఇప్పుడు గుండె పైగది కొట్టుకోవడం మాని వణుకుతోందట. రక్తం అక్కడ నిలిచి గడ్డ కడితే, ఆ గడ్డ పోయి మెదడులో అడ్డుపడవచ్చట. అందుకని రక్తం పలచబడే మాత్ర రాశారు. పరీక్షలు అక్కరలేని కొత్త మాత్రలు ఉన్నాయి గానీ కవాటం ఇలా ఉన్నవాళ్ళకు అవి పనికిరావన్నారు. ఈ మాత్ర వేసుకుంటూ నెలనెలా రక్తం చూపించుకోవాలి. వచ్చే అంకె రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఒంట్లో ఎక్కడ రక్తం కనిపించినా వెంటనే రావాలి.

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఏళ్ళు దాటాక. పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి నేర్చుకున్నాను. అప్పట్లో అక్క నా పలక చూసి, "ఇంగ జడలేసి బడికి పంపాల్నా నిన్ను?" అని వీధంతా వినబడేలా అడిగింది. ఇప్పుడు అదే అక్క డాక్టరు చీటీని తీసి నా చేతికిచ్చింది. డాక్టరు దాని వెనక మా కోసం తెలుగులో రాశారు: రోజుకు మూడు మిల్లీగ్రాములు, సాయంత్రం ఆరు గంటలకు. నేను చదివి వినిపించాను. ఆమె తల ఊపింది.

రెండేళ్ళు బాగానే జరిగింది. నెలకొకసారి బస్సెక్కి ఆదోని వెళ్ళేవాళ్ళం, అంకె తెచ్చుకునేవాళ్ళం. తర్వాత అక్కకు పంటినొప్పి వచ్చింది. దవడ వాచింది. నేను మందుల షాపుకు పోయి, పంటినొప్పికి ఐదు రోజుల మాత్రలు తెచ్చాను. ఆమె వేసుకునే గుండె మాత్ర సంగతి షాపులో చెప్పలేదు. పంటికీ గుండెకూ ఏం సంబంధం అనుకున్నాను. ఆ మాత్రలు రక్తాన్ని ఇంకా పలచన చేస్తాయని నాకు తెలియదు.

వాపు తగ్గింది. అక్క మళ్ళీ వక్కాకు నమలడం మొదలుపెట్టింది. పొద్దున లేచింది మొదలు ఆమె నోట్లో ఆకూ వక్కా సున్నం ఉండాల్సిందే. రాట్నం పక్కన ఊయడానికి ఒక డబ్బా ఉంటుంది. దాన్ని రోజూ పారబోసేది నేనే. ఆ వారం డబ్బాలో ఎరుపు ఎక్కువగా ఉంది. నేను చూశాను. అక్క కూడా చూసింది.

"ఈ తూరి తెచ్చిన సున్నం శానా బాగుంది మే. సూడు నోరెట్ల పండిందో" అని నాలుక బయటపెట్టింది.

"ముసల్దానికి సోకు" అన్నాను.

చిగుళ్ళనుంచి రక్తం కారుతోందని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. వక్కాకు నమిలేవాళ్ళ ఇంట్లో ఎర్రటి ఉమ్మిని చూసి ఎవరూ భయపడరు. పదో రోజు మధ్యాహ్నం ఆమె వాంతి చేసుకుంది. అది ఎరుపు కాదు, కాఫీ ముద్దలా నల్లగా ఉంది. తర్వాత దానివెంట ఎర్రటిది వచ్చింది. ఇత్తడి బేసిను సగం నిండింది. ఆ బేసిను పట్టుకున్నది నేను. బరువుగా, వెచ్చగా ఉంది. ఆ తర్వాత నేను చేసిన పనికి ఆ వెచ్చదనమే కారణం. సాకుగా చెప్పడం లేదు.

ఆదోనిలో పరీక్ష చేస్తే అంకె ఎనిమిది దాటింది. ఇంజెక్షన్లు ఇచ్చారు, రక్తం ఎక్కించారు, మాత్ర ఆపారు. పది రోజుల తర్వాత ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడారు.

"మాత్ర మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి రెండు మిల్లీగ్రాములే. ఐదో రోజు రక్తపరీక్ష చేయించండి."

"మళ్ళా కక్కితే సార్?" అన్నాను.

"కక్కవచ్చు. కక్కదని నేను చెప్పలేను. కానీ రక్తస్రావమైతే చాలాసార్లు ఆపగలం, ఇప్పుడు ఆపాం కదా. గడ్డ తలలోకి పోతే పోయిన చెయ్యి, పోయిన మాట తెచ్చివ్వలేం. అందుకే వేయమంటున్నా. ఊరికే వేయడం కాదు, చూసుకుంటూ వేయాలి."

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. పెద్ద కడబూరు దాటేదాకా బయటికే చూసింది. తర్వాత నా మోచేతిని పొడిచింది.

"సార్ సెప్పినట్లే ఎయ్యి మే. ఎట్లన్నా సావొచ్చు. మన ఈదిలో ఆ ముసలాయమ్మ మాదిరి నోరు పడిపోయి, ఒకరు కడిగితే కడిగిచ్చుకొని, అట్ల ఉండేది మాత్రం నాకొద్దు. నోరు లేకుంటే నిన్నెట్ల తిట్టేది?"

"సరేలే" అన్నాను.

ఆ సాయంత్రం రెండు మిల్లీగ్రాముల మాత్రను చాకుతో సగానికి కోశాను.

"ఏమిటికి కోస్తాండావు?" అంది.

"సార్ సెప్పిన రెండంటే ఈ మాత్రలో సగమే. అట్లనే రాసినాడు."

"సీటీలో అట్లుందా?"

"ఉంది."

ఆమె చీటీ అడగలేదు. అడిగి తీసుకున్నా ఆమెకు చదవడం రాదు. సగం మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. చీటీలో తెలుగులో స్పష్టంగా రెండు మిల్లీగ్రాములు అని ఉంది. నేను ఒకటి వేశాను. నాకు బేసిను తప్ప ఇంకేమీ కనిపించలేదు. కొన్నాళ్ళు తక్కువ వేసి, చిగుళ్ళు గట్టిపడ్డాక పెంచుదామనుకున్నాను. ఐదో రోజు పరీక్షకు పోలేదు, ఎందుకంటే అంకె చూస్తే డాక్టరుకు తెలిసిపోతుంది. అక్క గుర్తుచేస్తే, ఫోను చేసి అడిగితే ఈ నెల అక్కర్లేదన్నారని చెప్పాను. ఒక అబద్ధం నిలబడడానికి రెండోది.

మూడు వారాలు అలా గడిచాయి. ఆమెకు ఎక్కడా రక్తం రాలేదు. నేను చేసిందే మంచిదని లోపల మురిసిపోయాను కూడా.

ఒక పొద్దున నేను పొయ్యి దగ్గర ఉండగా వసారాలో రాట్నం చప్పుడు ఆగింది. దారం తెగిందేమో అనుకున్నాను. తర్వాత కండెల బుట్ట పడిన చప్పుడు వచ్చింది. వెళ్ళి చూస్తే అక్క గోడకు ఒరిగి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరో పెట్టిన వస్తువులా పడుంది. మూతి ఒక పక్కకు పోయింది. నన్ను చూసి ఏదో అనబోయింది. ఆ చప్పుడును నేను రాయలేను.

కర్నూలుకు తీసుకుపోయాం. స్కానింగులో గడ్డే అని తేలింది. మూడో రోజు వార్డుకు వచ్చిన డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, రక్తం పలచబడే మాత్ర రోజుకెంత అని అడిగింది. అక్క మెలకువగానే ఉంది. ఆమె ఎడమచెయ్యి నా చేతిలో ఉంది.

"రెండు రాసిచ్చినారమ్మా" అన్నాను.

"రాసింది ఇందులో ఉంది. నువ్వెంత వేశావు?"

అప్పుడు కూడా రెండు అనవచ్చు. చూసినవాళ్ళెవరూ లేరు.

"ఒకటి."

"ఎవరు తగ్గించమన్నారు?"

"ఎవురూ లేదు. నేనే. మళ్ళా కక్కుతాదని."

డాక్టరమ్మ కోప్పడలేదు. చెప్పడం మంచిదైందనీ, చెప్పకపోతే రెండు వేసినా చాలలేదనుకుని ఇంకా పెంచేవాళ్ళమనీ, అప్పుడు మళ్ళీ రక్తం పోయేదనీ చెప్పి, కాగితం మీద ఏదో రాసుకుని పక్క మంచానికి వెళ్ళింది. అక్క నా చేతిలోంచి తన చేతిని మెల్లగా తీసుకుంది. తల గోడవైపు తిప్పుకోలేదు. నన్నే చూస్తూ పడుకుంది.

అది జరిగి ఐదు నెలలైంది. మాట రాలేదు. చప్పుడు వస్తుంది, అందులో మాట లేదు. నేనే కడుగుతాను, నేనే తినిపిస్తాను. సాయంత్రం ఆరుకు రెండు మిల్లీగ్రాముల మాత్రను ఆమె కళ్ళముందు పట్టుకుని, కోయలేదని చూపించి నోట్లో వేస్తాను. మింగాక నోరు తెరిచి చూపిస్తుంది.

పోయిన వారం ఆమె కుడి మోచేతి కింద, మంచం పట్టె తగిలిన చోట, అరచేయంత నల్లటి మచ్చ వచ్చింది. నేను సరిగా చూసేలోపల ఎడమచేత్తో పైట లాగి దాన్ని కప్పుకుంది. మచ్చ చూస్తే నేను మళ్ళీ మాత్ర కోస్తానని, పొద్దంతా ఆ పైట వదల్లేదు. రక్తం తీసుకోవడానికి ల్యాబు మనిషి ఇంటికి వస్తే ఎడమచెయ్యే చాపింది.

ఆ సాయంత్రం నేను ల్యాబుకు పోయాను. అంకె నాలుగు దాటింది. ల్యాబు మనిషి ఆదోని డాక్టరుకు ఫోను చేసి కనుక్కుని, ఈ ఒక్కరోజు మాత్ర మానేయాలని, ఎల్లుండి మళ్ళీ పరీక్ష అని చీటీ మీద రాసిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి ఆరైంది. అక్క దిండుకు ఆనుకుని, గడియారం చూస్తూ ఉంది. నన్ను చూసి నోరు తెరిచింది.

"ఈ దినం మాత్ర ఎయ్యొద్దన్నాడు అక్కా సార్. రక్తం శానా పలచనైంది. ఈ ఒక్క దినమే" అన్నాను. చీటీ విప్పి ఆమె ముందు పట్టుకున్నాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను.

ఆమె చీటీ వైపు చూడలేదు. నా ముఖం చూసింది. డాక్టరుకు ఫోను చేసి ఆయన మాటే వినిపిద్దామని చూశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆమె ఎడమచెయ్యి నా కొంగు పట్టుకుంది. నోరు మూయలేదు.