చెల్లని ఫొటో

ఇప్పుడంటే ఫోనే ఫొటోను చిన్నది చేసి పంపేస్తోంది గాని, నేను అనకాపల్లిలో ఒక పత్రిక ఆఫీసులో చేరిన కొత్తలో ఫొటో పేజీకెక్కడం పెద్ద పనే. నాకు కంప్యూటరు కొంచెం తెలుసు (కొంచెమే తెలుసన్న సంగతి అప్పటికి తెలియదు). మండల విలేకరులు ఫొటోలు పంపడానికి నేనే ఒక అప్‌లోడ్ టూల్ తయారుచేశాను. ఫైలు ఏ కారణంతో ఎక్కకపోయినా అది ఎర్రటి అక్షరాల్లో ఒకటే చెప్పేది: 'చెల్లదు. మళ్లీ ప్రయత్నించండి.' ఎంత క్లుప్తంగా రాశానో అని మురిసిపోయాను కూడా.

ఒక సాయంత్రం, పేజీలు ప్రెస్సుకు పంపడానికి గంట ముందు, రాంబిల్లి విలేకరి ఆఫీసు మెట్లెక్కాడు. ఆయన అందరినీ 'బావా' అంటాడు, అందుకే అందరికీ ఆయన బావే, నాకూ బావే. వెనకాల ఒక ముసలమ్మ. నున్నగా దువ్విన జుట్టు, ముఖాన పౌడరు, ఒంటి మీద కొత్త చీర. దారితప్పి రెండు రోజులుగా రాంబిల్లి బస్టాపులో కూర్చుందట. ఊరి పేరు చెప్పలేకపోతోంది. ఫొటో పేపర్లో పడితే తనవాళ్లు చూస్తారని బావ ఆశ.

"పొద్దున్నుంచి పంపుతన్నాను బావా. నీ డబ్బా సెల్లదంతన్నాది. జుట్టు రేగిపోనాదని దువ్వించేను. సెల్లదంది. మొకం కడిగించేను. సెల్లదంది. ఆకరికి మా ఇంటిదాని కొత్తకోక కట్టించేను. ఇంకేటి సెయ్యమంతావు?" (ఫోను చేయొచ్చు కదా అంటే, మనిషినే చూపిస్తే చెల్లుతుందేమో అనుకున్నాడట.)

ముసలమ్మ నా కంప్యూటరుకేసి బెరుగ్గా చూసి, "నాయినా, ఇప్పుడైనా సెల్లుతానేటి?" అంది.

బావ ఫోను తీసుకుని చూశాను. ఫొటో సైజు నేను పెట్టిన హద్దు దాటింది, అంతే. ఆ మాట చెబితే బావ నవ్వలేదు. "బరువెక్కువైందని సెప్తే సరిపోద్ది కదా. మనిషిని సెల్లదంతావేటి?" అన్నాడు.

రేగిన జుట్టుతో ఉన్న మొదటి ఫొటోనే చిన్నది చేసి పేజీలో పెట్టాం. మర్నాడు కోటవురట్ల నుంచి ఆమె కొడుకు పేపరు పట్టుకుని బావ ఇంటికి వచ్చాడు. "ఆ జుట్టు సూసే పోల్సేను. మా యమ్మ దువ్వించుకోదు" అన్నాడట.

ఆ వారమే టూల్‌లో మాట మార్చాను. ఏమని రాయాలో బావనే అడిగాను. పదాలు ఆయనవే, యాస మాత్రం నేను దిద్దాను: 'మీ ఫొటో బాగుంది. కాస్త బరువెక్కువైంది. ఇక్కడ నొక్కితే తగ్గించి తీసుకుంటాం.' ఆ తర్వాత ఎన్నో వార్తలు రాశాను గాని, అంతగా పనికొచ్చిన మూడు వాక్యాలు మళ్లీ రాసినట్టు లేదు. అవి నేర్పినందుకు బావకు ఇప్పటికీ రుణపడే ఉన్నాను.

మొన్న ఏదో దరఖాస్తుకు నా ఫొటో ఎక్కిస్తుంటే తెర మీద 'ఇన్‌వాలిడ్' అని వచ్చింది. కారణం సైజేనని నాకు తెలుసు. అయినా చెయ్యి దానంతటదే పైకి పోయి, మిగిలిన ఆ నాలుగు వెంట్రుకలూ సర్దింది.