మెహసానా పాత పైపు దగ్గరికి

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. గుజరాత్‌లోని మెహసానాలో పనిచేసే అన్న ఉత్తరాలు అమ్మకు, బాపుకు చదివి వినిపించేది నేనే. చివరి ఉత్తరంలో నాలుగు వరుసలు వదిలేశాను. "గ్యాసు కోసం ఎన్నడో వేసిన పైపును ఇప్పుడు భూమిలకెల్లి తీసే చిక్కటి నూనెకు మారుస్తున్నం. వెల్డింగు నాది. వచ్చే గురువారం నీళ్లు నింపి ప్రెషర్ పెంచుతరు. పాత ఇనుము, ఎక్కడ పగులుతదో తెలువదు. నేను లైను పొంటి నడిచి చూడాలె."

కొడుకును చూసి రెండేళ్లయిందని బాపు షోలాపూర్ భవాని పేట్‌లో మగ్గం ఆపి టికెట్లు తెచ్చాడు. వద్దనలేకపోయాను.

అమ్మను ఇంట్లో ఉంచి బాపు, నేను మంగళవారం పొద్దున పదకొండుకు షోలాపూర్‌లో బండెక్కాం. సంచిలో జొన్నరొట్టెలు, పల్లికారం, అన్న కోసం కొత్త చద్దరు. ఆ రాత్రి బొంబాయిలో మేనత్త ఇంట్లో, బుధవారం రాత్రి అహ్మదాబాద్ ధర్మశాలలో పడుకున్నాం. గురువారం ఏడింటికి మెహసానా బస్సు. నా వేళ్లు గంటలు లెక్కపెడుతూనే ఉన్నాయి.

పక్క సీటు రైతు బాపుతో హిందీలో అన్నాడు: "హమారా తేల్ డాంబర్ జైసా హై. గరమ్ కరో తో చలేగా." వాళ్ల నేలలో దొరికే నూనె డాంబరులా ఉంటుందట, వేడి చేస్తేనే పారుతుందట.

"మన గంజి లెక్కనే బిడ్డా, సల్లారితే గడ్డ కడ్తది," అని బాపు మురిశాడు. "నీ మొకమేంది గట్లున్నది? బస్సు పడ్తలేదా?"

పదిన్నరకు పని జాగా చేరాం. తాడు కట్టి ఎర్రజెండాలు పాతారు. కాపలావాడు ఆపేశాడు. దూరంగా అన్న, మట్టి తవ్వి తెరిచిన పైపు వెంట నడుస్తూ అతుకు అతుకుకూ వంగి చూస్తున్నాడు.

"పడుగుల తెగిన పోగు ఎతికినట్టే!" బాపు నవ్వాడు.

అప్పుడే తుపాకి పేలినట్టు చప్పుడైంది. అన్న ముందర నీళ్లు కరెంటు స్తంభమంత ఎత్తు లేచాయి. అన్న కనబడలేదు. బాపు తాడు దాటబోతే కాపలావాడు పట్టుకున్నాడు. నీళ్లు తగ్గాక బురదలోంచి అన్న లేచాడు.

"అతుకు పోలే బాపు, ఇనుమే పోయింది," అన్నాడు వచ్చి, వణుకుతూ.

బాపు చద్దరు కప్పి అడిగాడు: "గింత పని ఉన్నదని ఒక్క ముక్క రాయకపోతివేందిరా?"

అన్న నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.

"మర్చిన బాపు," అన్నాడు.

వెళ్లాలనుకునేవారికి చెబుతున్నాను, మెహసానాలో చూడడానికి ఏమీ కనబడదు. భయపడవలసినదంతా భూమి కింద ఉంది. పగిలిన ముక్క కోసి, కొత్తది అతికి, వచ్చే వారం మళ్లీ నీళ్లు నింపుతారట.

శనివారం ఆరింటికి తిరుగు బస్సు. బాపు ముందు సీటులో కూర్చున్నాడు. బస్సు కదులుతుంటే అన్న కిటికీ పక్కన నడుస్తూ, బాపుకు వినబడకుండా అన్నాడు:

"ఈసారి రాసింది రాసినట్టు సదువు చెల్లె."