సారు గడప బయట

వేడి వేడి రొట్టెను తునకలు చేసి, బెల్లం వేసి, నెయ్యి పోసి, అరచేత్తో పిసుకుతుంటే వచ్చే వాసన ఇల్లంతా తిరిగి, దండెం మీద ఆరేసిన బట్టలకు కూడా పడుతుంది. మొన్న శ్రావణంలో మానుకోటలో మా కోడలు చూర్మా చేస్తుంటే, నేను కూర్చున్న చోటనే కూర్చుని గంగారం అడవి పక్కనున్న మా లంబాడి తండాకు పోయి వచ్చాను. అలా పోయి రావడం ఈ మధ్య బరువుగా ఉంటోంది. అయినా మనసు ఆగదు కదా.

మా తండాలో శ్రావణం అంటే మక్క కంకులు పాలు పట్టే కాలం, మేకల కొట్టం తడిసి ముక్కు పగిలేటంత వాసన కొట్టే కాలం, గొంగడి కప్పుకుని గచ్చకాయలు ఆడుతూ ఆడుతూ పొయ్యి దగ్గరే నిద్రపోయే కాలం. అన్నిటికంటే మించి తీజ్ కాలం. పెళ్లి కాని ఆడపిల్లలం బుట్టల్లో నల్లమట్టి, మేక ఎరువు కలిపి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుకుంటూ నీళ్లు పోసేవాళ్లం. ఆఖరి రోజు జానెడు పెరిగిన ఆ మొలకలు తుంచి పెద్దలకు ఇస్తే వాళ్లు తలపాగాలో దోపుకునేవాళ్లు. మా యాడి, అంటే మా అమ్మ, చూర్మా ముద్ద చేతిలో పెట్టేది. మొలక తీసుకుని ముద్ద తిన్నవాడు మనవాడు, వద్దన్నవాడు పరాయివాడు. తండాలో ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

బడి తండాలో లేదు, వాగు దాటి ఊళ్లోకి పోవాలి. మొదట్లో ఉన్న పాత సారు ఊళ్లోనే కిరాయి ఇంట్లో ఉండేవాడు. ఆయనకు నీళ్లు తేవడం, కట్టెలు కొట్టడం, గిన్నెలు తోమడం పిల్లల పని. దానికోసం మేము కొట్టుకునేవాళ్లం, ఎందుకంటే సారింటి గిన్నె తోమిన రోజు ఎక్కం రాకపోయినా దెబ్బ పడదు. అలా గిన్నెలు తోమి తోమి రెండో తరగతి దాటాను, అక్షరం మాత్రం రాలేదు.

ఆ తర్వాత కొత్త సారు వచ్చాడు. పాలకుర్తి దిక్కు మనిషి, సన్నగా, పొడుగ్గా, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకునేవాడు. వచ్చిన రోజే, "నా రూముకాడికి ఎవ్వరు రావొద్దు. ఏమన్న ఉంటే బడిల చెప్పుండ్రి," అన్నాడు. తన నీళ్లు తానే తోడుకునేవాడు, తన అన్నం తానే వండుకునేవాడు. బోరింగు దగ్గర ఆడవాళ్లు నవ్వేవాళ్లు. బడిలో మాత్రం ఆయన వేరే మనిషి. పలక మీద చుక్కలు పెట్టి కలపమనేవాడు. పటేలు బిడ్డ పేరు ఎట్లా పిలిచేవాడో, సోమ్లి అని నా పేరూ అట్లాగే పిలిచేవాడు. నాలుగో తరగతికి వచ్చేసరికి బస్సు మీది ఊరి పేరు చదివి మా తండాలో అందరికీ నేనే చెప్పేదాన్ని.

ఆ ఏడు తీజ్ ఆఖరి రోజు ఆదివారం పడింది. బడి లేదు. తెల్లవారి దాకా ఆగితే మొలక వాడిపోతుంది. ఒక చేతిలో మొలకలు, ఇంకో చేతిలో ఆకులో చుట్టిన చూర్మా పట్టుకుని వాగు దాటి సారు ఇంటికి పోయాను. తలుపు సగం తీసి నిలబడ్డాడు.

"తీజ్ తెచ్చిన సార్."

"రూముకాడికి రావొద్దని చెప్పిన్నా లేదా? రేపు బడికి తే బిడ్డా."

"రేపటికి వాడిపోతది సార్."

"అయినా సరే. ఇంటికి తీస్కపో."

తలుపు మూసుకుంది. పక్కింటి అరుగు మీద నుంచి పటేలు బిడ్డ శాంత ఇదంతా చూసింది.

"మీ రొట్టె తింటే సారుకు లంబాడి మాటలొస్తయని భయమే సోమ్లీ!" అని పడీ పడీ నవ్వింది.

చూర్మాను వాగులో వేశాను. చేపలు తిన్నాయి. ఇంటికి పోయి ఏడ్చాను. మా బా, అంటే నాయిన, అంతా విని చాలాసేపు చుట్ట కాల్చాడు. ఆ తర్వాత మా భాషలో అన్నాడు: "మన రొట్టె వద్దన్నోని దగ్గర మన పిల్లకు చదువేంది? రేపటి సంది మేకలకు పో."

నాలుగో రోజు సారే తండాకు వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషికి నీళ్లియ్యకపోవడం నేను అంతకుముందు చూడలేదు. మా బా మంచం వాల్చలేదు, చెంబు తేలేదు.

"సోమ్లి బడికొస్తలేదేంది?"

"మేకలకు పోయింది సార్."

"గా పిల్లకు చదువు మంచిగొస్తది. జర పంపుండ్రి."

"చూస్తం."

నేను గోడ వెనకే ఉన్నాను. మేకలు కొట్టంలోనే అరుస్తున్నాయి. అది సారుకూ వినబడే ఉంటుంది. నేను బయటికి రాలేదు, ఆయన నన్ను పిలవలేదు.

చాలా ఏళ్లకు, నాకు మనవలు పుట్టాక, మానుకోట కంటి దవాఖానలో వరుసలో కూర్చుంటే పక్కన ఒక ముసలాయన. గుండీ మెడదాకా ఉంది. "సార్, నేను సోమ్లిని," అన్నాను. కళ్లు సరిగా కనబడకపోయినా నా దిక్కు తిరిగాడు.

"ఎంతవరకు చదివినవ్ బిడ్డా?"

"నాలుగు సార్. తీజ్ దాకా."

ఇక అడిగేశాను, కడుపులో ఇన్నేళ్లున్న మాట: "మా రొట్టె ఎందుకు వద్దన్నరు సార్?"

"పటేలు ఇంటి పాలు గూడ తిప్పి పంపిన, బిడ్డా. మా అక్క చిన్నప్పుడు మా ఊరి సారు రూముల నీళ్లు పోసేది. ఊరు ఒక మాటన్నది. ఏముందో ఏం లేదో ఎవ్వరికి తెల్వది గని, మా అక్కను బడి మాన్పించిండ్రు. ఇంకొక్క ఆడపిల్లకు గట్ల కావొద్దని నేను గడప దాటనియ్యలే."

"గీ మాట మా బాకు చెప్పకపోతిరి సార్."

"చెప్పే మాటేనా అనుకున్న," అన్నాడు. ఇంతలో ఆయన పేరు పిలిచారు. చెయ్యి పట్టుకుని లోపలిదాకా నడిపించాను. కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

ఇప్పుడు మా తండాలోనే బడి ఉంది. సార్లు పట్నం నుంచి బండ్ల మీద వచ్చి సాయంత్రం కాగానే పోతారు. కిరాయి ఇల్లు లేదు, మూసే తలుపూ లేదు. సారు ఫోనులో ఏ వేళకైనా పిల్లల మంచం దాకా వస్తున్నాడు. పోయిన నెల మానుకోటలో మా మనవరాలి బడిలో పిల్లలతో పాటు తల్లిదండ్రులను పిలిస్తే నేనూ పోయాను. పిల్లలు టీచర్లకు విడిగా మెసేజులు పెట్టొద్దు, ఇళ్లకు పోవద్దు, బండ్లు ఎక్కొద్దు అని పెద్ద మేడమ్ కాయితం చూసి చదివింది. నా ముందు కూర్చున్నాయన, "మా పిల్లల్ని దొంగలనుకుంటుండ్రా ఏంది?" అని లేచి పోబోయాడు. ఆయన వెంట బిడ్డ కూడా లేచింది.

మోకాళ్లు పట్టుకుని నేనూ లేచాను. "జర కూసో నాయినా," అన్నాను ఆయనతో. "మేడమ్, ఎందుకొద్దో గది గూడ చెప్పమ్మా. పిల్లల ముంగటనే చెప్పు."

మేడమ్ కాయితం కింద పెట్టింది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆయన నిలబడే విన్నాడు. బిడ్డ మాత్రం మళ్లీ కూర్చుంది.